తుఫాను హెచ్చరిక వచ్చాక బోటు, వల, ఇల్లు: ఏది ముందు, ఏది వెనక

బంగాళాఖాతంలో అల్పపీడనం అనగానే తీరంలో అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు: ఎక్కడ దాటుతుంది, ఎప్పుడు దాటుతుంది. బోటు ఉన్నవాళ్ళకి, సముద్రానికి దగ్గర్లో ఇల్లు ఉన్నవాళ్ళకి వీటికన్నా ముందు తెలియాల్సింది ఇంకోటి ఉంది. మన ఊళ్ళో మనిషి నిలబడి తాడు బిగించలేనంత గాలి ఎన్నింటికి మొదలవుతుంది? మీ పనులన్నిటికీ గడువు అదే. తీరం దాటే టైము గడువు కాదు, ఆ టైముకి మీరు ఎప్పుడో షెల్టర్‌లో ఉండాలి.

ఈ గైడ్ ఆంధ్ర తీరంలో ఫైబర్ బోటో, తెప్పో, మరబోటో ఉన్న కుటుంబాల కోసం. బోటు లేనివాళ్ళు 5 నుంచి 7 వరకు వదిలేసి చదువుకోవచ్చు. 2, 4, 10 మాత్రం ఎవరూ వదలొద్దు.

1. బులెటిన్‌లో ఏ ముక్క చదవాలి

వాతావరణ శాఖ బులెటిన్లు విశాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం నుంచి, అమరావతి నుంచి తెలుగులోనే వస్తాయి. తుఫానుగా మారాక సాధారణంగా మూడు గంటలకొకటి వస్తుంది. టీవీలో చూపించే తిరిగే సుడి బొమ్మ కన్నా ఆ రెండు పేజీల కాగితమే మీకు పనికొస్తుంది.

ముందు పేర్లు. గాలి వేగాన్ని బట్టి పేరు మారుతుంది:

- అల్పపీడనం: గంటకు 31 కి.మీ. లోపు
- వాయుగుండం: 31 నుంచి 49 కి.మీ.
- తీవ్ర వాయుగుండం: 50 నుంచి 61 కి.మీ.
- తుఫాను: 62 నుంచి 88 కి.మీ.
- తీవ్ర తుఫాను: 89 నుంచి 117 కి.మీ.
- అతి తీవ్ర తుఫాను: 118 నుంచి మొదలు
- సూపర్ సైక్లోన్: 222 కి.మీ., ఆపైన

ఇవి మూడు నిమిషాల సగటు వేగాలు. ఉండుండి కొట్టే గాలి దీనికన్నా ఎక్కువ ఉంటుంది, బులెటిన్‌లో "ఒక్కోసారి" అని పక్కన రాసే అంకె అదే. తాడు తెగేదీ, రేకు లేచేదీ ఆ అంకెకే కాబట్టి ఏర్పాట్లన్నీ దాని ప్రకారమే చేసుకోండి.

విదేశీ వెబ్‌సైట్ల స్క్రీన్‌షాట్లు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి, "మనవాళ్ళు తక్కువ చేసి చెబుతున్నారు, అమెరికా వాళ్ళు ఎక్కువ చెప్పారు" అని. అమెరికా సంస్థలు ఒక్క నిమిషం సగటు తీసుకుంటాయి, అందుకే అదే తుఫానుకి వాళ్ళ అంకె పెద్దగా కనిపిస్తుంది. దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

పేరు గాలి గురించి మాత్రమే చెబుతుంది, వాన గురించి చెప్పదు. వాయుగుండం దగ్గరే ఆగిపోయినది కూడా ఊరిని ముంచగలదు. వాన కోసం వేరే లైను చూడాలి: "భారీ" అంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మి.మీ., "అతి భారీ" అంటే 204.4 మి.మీ. దాకా, అది దాటితే "అత్యంత భారీ".

హెచ్చరికలు నాలుగు దశల్లో వస్తాయి. సుమారు 72 గంటల ముందు ముందస్తు సూచన, 48 గంటల ముందు పసుపు రంగు అలర్ట్, 24 గంటల ముందు ఆరెంజ్ హెచ్చరిక, 12 గంటల ముందు ఎరుపు రంగుతో తీరం దాటాక లోపలి జిల్లాల్లో ఏమవుతుందో చెప్పేది. ఎరుపు వచ్చాక బోటు పని మొదలుపెడితే ఆలస్యమైపోయినట్టే. బోటు పనికి పసుపు, ఇంటి పనికి ఆరెంజ్ అని గుర్తుపెట్టుకోండి.

ప్రతి బులెటిన్‌లో ఈ ఐదూ ఒక కాగితం మీద రాసుకోండి:

- కేంద్రం ఇప్పుడు మీకు ఎంత దూరంలో ఉంది, ఏ దిక్కున ఉంది
- గంటకు ఎన్ని కి.మీ. కదులుతోంది
- మీ జిల్లా తీరంలో గాలులు ఎప్పటినుంచి, ఎంత వేగంతో
- ఉప్పెన ఎన్ని మీటర్లు, ఏ ప్రాంతాల్లో
- మత్స్యకారుల హెచ్చరిక ఏ తేదీ వరకు

2. గడువు లెక్కేసుకోవడం

తీరం దాటడం అంటే తుఫాను కేంద్రం నేల మీదకి రావడం. దాని చుట్టూ గాలి వందల కి.మీ. వరకు ఉంటుంది, అది చాలా ముందే వచ్చేస్తుంది.

లెక్క సులువే. కేంద్రం నుంచి 150 కి.మీ. దాకా బలమైన గాలి ఉంది, తుఫాను గంటకు 15 కి.మీ. కదులుతోంది అనుకుందాం. 150ని 15తో భాగిస్తే 10. అర్ధరాత్రి తీరం దాటుతుందని చెబితే మధ్యాహ్నం రెండింటికే మీ దగ్గర గాలి పట్టేస్తుంది. అందులో మూడు గంటలు తీసేయండి, ఎందుకంటే తుఫాను వేగం మారుతుంది, మన పనులు కూడా అనుకున్న టైముకి అవ్వవు. అంటే ఉదయం పదకొండు. అర్ధరాత్రి అని టీవీలో విని "సాయంత్రం చూద్దాంలే" అనుకున్నవాళ్ళకీ మీకూ ఉన్న తేడా అది.

బలమైన గాలి ఎంత దూరం దాకా ఉందన్న ఆ అంకె దొరక్కపోతే బులెటిన్‌లో మీ జిల్లా పేరు ఉన్న గాలుల లైను చూడండి. "ఫలానా తేదీ సాయంత్రం నుంచి గంటకు 45 నుంచి 55 కి.మీ. ఈదురు గాలులు" అని ఉంటుంది. ఆ గాలికే తీరంలో సముద్రం మీద పని చేయలేం.

గడువు రాత్రిలో పడితే ఆ ముందు సాయంత్రం చీకటి పడే టైమే మీ గడువు. చీకట్లో, వానలో, జారే జెట్టీ మీద మోకు బిగించే పని ఎంత అనుభవం ఉన్నా పెట్టుకోకూడదు.

కొత్త బులెటిన్ వచ్చిన ప్రతిసారీ లెక్క మళ్ళీ వేయండి. మ్యాప్ మీద తుఫాను దారికి రెండు పక్కలా వెడల్పవుతూ ఒక శంకువు ఆకారం ఉంటుంది కదా, కేంద్రం ఆ మొత్తం వెడల్పులో ఎక్కడైనా దాటొచ్చు అని దాని అర్థం. మధ్యలో గీత మీ ఊరికి 60 కి.మీ. పక్కగా ఉందని ఊరుకుంటే కుదరదు.

3. పోర్టు సిగ్నల్ నంబర్లు

తుఫాను ముప్పు చెప్పడానికి పోర్టుల్లో 1 నుంచి 11 దాకా హెచ్చరిక నంబర్లు పెడతారు. అందరూ పొరబడేది ఇక్కడే. 6 కన్నా 7 ప్రమాదం, 9 కన్నా 10 ప్రమాదం అనుకుంటారు. అలా కాదు, కొన్ని నంబర్లు తీవ్రతని చెబుతాయి, కొన్ని దిశని చెబుతాయి.

- 1: దూరంగా సముద్రంలో వాతావరణం బాగోలేదు, తుఫాను పుట్టొచ్చు
- 2: దూరంగా తుఫాను పుట్టింది
- 3: ఈ పోర్టుకి ఈదురు గాలుల ముప్పు ఉంది
- 4: ఈ పోర్టుకి తుఫాను ముప్పు ఉంది, కానీ ఆఖరి ఏర్పాట్లు చేసేంత ఇంకా లేదు
- 5, 6, 7: ప్రమాదం. పోర్టు తుఫాను దారికి ఎడమన ఉంటే 5, కుడిన ఉంటే 6, పోర్టు మీదుగానో దగ్గర్లోనో దాటితే 7
- 8, 9, 10: తీవ్ర తుఫానుతో పెను ప్రమాదం. అదే వరస: ఎడమ, కుడి, మీదుగా
- 11: హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, పరిస్థితి ప్రమాదకరం

ఎడమ, కుడి అన్నది తుఫాను కదిలే దిక్కుకి ముఖం పెట్టి చూసినప్పుడు. మన తీరానికి వచ్చేవి ఎక్కువగా పడమరకో, వాయవ్యానికో కదులుతాయి కాబట్టి కుడి అంటే కేంద్రానికి ఉత్తరం వైపు తీరం, ఎడమ అంటే దక్షిణం వైపు.

1, 2 ఉన్నప్పుడు వేటకి వెళ్ళినవాళ్ళని పిలవాలి. 3, 4కి బోటు కట్టడం పూర్తవ్వాలి. 5 గానీ, ఆపై నంబరు గానీ పడ్డాక బోటు గురించి ఆలోచించడం మానేయాలి.

4. ఉప్పెన ఎటువైపు వస్తుందో తెలుసుకోవడం

మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకి వ్యతిరేకంగా తిరుగుతుంది. అందుకని కేంద్రానికి ఉత్తరం వైపు తీరంలో గాలి సముద్రం నుంచి నేల మీదకి వీస్తుంది, నీళ్ళని తోసుకొస్తుంది. దక్షిణం వైపు గాలి నేల మీంచి సముద్రంలోకి పోతుంది, అక్కడ నీళ్ళు వెనక్కి తగ్గడం కూడా చూస్తాం. ఒకే తుఫానుకి కేంద్రానికి 30 కి.మీ. ఉత్తరాన ఉన్న ఊరికి, 30 కి.మీ. దక్షిణాన ఉన్న ఊరికి ఉప్పెనలో చాలా తేడా ఉండేది ఇందుకే.

ఫోన్లు, కరెంటు పోయాక కూడా మీరు ఎటువైపు ఉన్నారో గాలిని బట్టి చెప్పొచ్చు:

- ఈశాన్యం నుంచి మొదలై తూర్పుకి, తర్వాత ఆగ్నేయానికి మారుతుంటే కేంద్రం మీకు దక్షిణంగా పోతోంది. మీరు ఉప్పెన వైపు ఉన్నారు.
- ఉత్తరం నుంచి వాయవ్యానికి, పడమరకి మారుతుంటే కేంద్రం మీకు ఉత్తరంగా పోతోంది. ఉప్పెన భయం తక్కువ, గాలి వాన తప్పవు.
- దిక్కు మారకుండా బలం మాత్రం పెరుగుతుంటే కేంద్రం మీ మీదకే వస్తోంది.

ఇది షెల్టర్‌లో కూర్చుని గమనించుకునే విషయం. ఎటువైపో తేల్చుకుని అప్పుడు బయల్దేరదాం అనుకోవద్దు.

"1 మీటరు ఉప్పెన" అంటే మామూలు పోటు మీద అదనంగా 1 మీటరు. దాని పైన అలలు వేరే. అమావాస్యకో, పౌర్ణమికో తుఫాను వస్తే పోటు ఎలాగూ ఎక్కువగా ఉంటుంది, ఆ టైముకే ఉప్పెన పడితే రెండూ కలుస్తాయి. పోటు టైములు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ వాళ్ళ సైటులో, సముద్ర యాప్‌లో దొరుకుతాయి. అయినా మీ ఊళ్ళో వేటకి వెళ్ళే పెద్దవాళ్ళకి ఆ లెక్క నోటికే వచ్చు.

ఉప్పెన ఒడ్డు ఎక్కి ఎదురుగా మాత్రమే వస్తుందనుకుంటారు. మొగల (ఏరు సముద్రంలో కలిసే చోట్ల) గుండా, ఉప్పుటేళ్ళ గుండా, డ్రెయిన్ల గుండా లోపలికి దూరి ఊరి వెనక నుంచి కూడా వస్తుంది. సముద్రానికి మూడు కి.మీ. లోపల ఉన్నా ఇంటి పక్కన డ్రెయిన్ ఉంటే మీరు కూడా ఉప్పెన లెక్కలో ఉన్నట్టే. షెల్టర్‌కి వెళ్ళే దారిలో ముందు మునిగే కల్వర్టు ఏదో ఇప్పుడే చూసి పెట్టుకోండి.

5. వేటలో ఉన్నవాళ్ళని వెనక్కి రప్పించడం

సిగ్నల్ 1 పడ్డాక చేయాల్సిన మొదటి పని ఇది. మొబైల్ సిగ్నల్ తీరం నుంచి 10, 12 కి.మీ. దాటితే అందదు, కాబట్టి వాళ్ళకి వాళ్ళే తెలుసుకుంటారనుకోవద్దు.

ఒడ్డున ఒక మనిషికి ఈ పని అప్పగించండి. ఆయన దగ్గర ప్రతి బోటు నంబరు, అందులో ఎంతమంది ఉన్నారు, ఏ వైపు వెళ్ళారు, ఎన్ని రోజుల డీజిలు, ఐసు తీసుకెళ్ళారు అన్న లిస్టు ఉండాలి. వీహెచ్ఎఫ్ రేడియో సెట్ ఉన్న బోట్లకి 16వ ఛానల్ మీద కబురు పెట్టి, వాళ్ళ పక్కన ఉన్న సెట్ లేని బోట్లకి చెప్పమనండి. జవాబు రాని బోటు గురించి రాత్రి దాకా ఆగకుండా మత్స్యశాఖకి, కోస్ట్ గార్డ్ 1554 నంబరుకి చెప్పేయండి.

సముద్రంలో ఉన్నవాళ్ళకి చెప్పాల్సింది ఒక్కటే: సొంత ఊరికే రావాలని పట్టుబట్టొద్దు. కాకినాడ దగ్గరైతే కాకినాడ, నిజాంపట్నం దగ్గరైతే నిజాంపట్నం. బోటు అక్కడే ఉంచి బస్సెక్కి ఇంటికి రావొచ్చు. వేసిన వల బరువుగా ఉండి తీయడానికి గంటలు పట్టేలా ఉంటే గుర్తు బుడ్డి కట్టి వదిలేసి రమ్మనండి. ఈ మాట చెప్పడం సులువు, వల ఖరీదు తెలిసినవాళ్ళకి వినడం కష్టం, అందుకే ఓనరు నోటితోనే చెప్పించాలి. ఓనరు ఏమంటాడోనన్న భయంతోనే చాలామంది సరంగులు (బోటు నడిపేవాళ్ళు) ఆలస్యం చేస్తారు.

ఇంజన్ చెడిపోయి ఆగిపోతే బోటు ముందు కొస అలకి ఎదురుగా ఉండేలా చూడాలి. పొడవాటి తాడుకి బకెట్ గానీ, బరువైన వల ముద్ద గానీ కట్టి ముందు కొస నుంచి నీళ్ళలో వదిలితే బోటు అడ్డం తిరగకుండా ఉంటుంది. లైఫ్ జాకెట్ పెట్టెలో కాదు, ఒంటి మీద ఉండాలి.

6. ఫైబర్ బోటు, తెప్ప: ఒడ్డుకి ఎంత పైకి?

"ఎప్పుడూ లాగే చోటు" సరిపోదు. ఆ చోటు మామూలు పోటుకి సరిపోయేది. ఉప్పెన ఎన్ని మీటర్లు అన్నారో చూసి, ఆ నీళ్ళు ఊళ్ళో ఎక్కడిదాకా వస్తాయో అంచనా వేసి దానికి పైన పెట్టాలి.

వరస ఇదీ:

- ఇంజన్ ముందు ఊడదీసి ఇంటికి కాదు, మేడ మీదకి లేదా ఎత్తైన చోటికి చేర్చండి
- డీజిల్ క్యాన్లు, ఐస్ బాక్సులు, పలకలు, తెడ్లు అన్నీ దింపేయండి, గాలికి ఎగిరేవి అవే
- బోటుని గాలి తక్కువ తగిలేలా, వీలైతే ముందు కొస సముద్రం వైపు పెట్టండి
- అడుగున నీళ్ళు పోయే బిరడా తీసేయండి
- రెండు వేరువేరు చోట్లకి తాళ్ళు కట్టండి

బిరడా తీయడం గురించి వాదిస్తారు, "నీళ్ళొస్తే మునిగిపోదా" అని. మునగనివ్వండి. బిరడా పెట్టి ఉంచితే వాన నీళ్ళు నిండి బరువుకి అడుగు పగులుతుంది, లేదా ఉప్పెనకి తేలి తాడు తెంచుకుని ఎవరి గోడ మీదకో పోతుంది. ఇంజన్ లేని ఖాళీ బోటు ఉన్నచోటే మునిగితే మర్నాడు తోడుకుని వాడుకోవచ్చు.

తాడుని కరెంటు స్తంభానికి కట్టొద్దు. ఒంటరి కొబ్బరి చెట్టు కూడా నమ్మకం కాదు, ఇసుకలో వేళ్ళు వదిలేస్తుంది. ఇసుకలో లోతుగా గొయ్యి తీసి లంగరునో, కర్ర దుంగనో అడ్డంగా పూడ్చి దానికి కట్టింది ఎక్కువ ఆగుతుంది.

7. హార్బర్‌లో మరబోటు

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడ. గాలికి మునిగే బోట్లకన్నా పక్క బోటుతో గుద్దుకుని పగిలేవే ఎక్కువ. స్థలం లేక వరసగా ఒకదానికొకటి ఆనించి కట్టేస్తారు, ఒక్క తాడు తెగితే వరస మొత్తం ఊగుతుంది. హార్బర్‌లో అందరూ ముందే కూర్చుని ఏ బోటు ఎక్కడో, మధ్యలో ఎంత ఖాళీనో మాట్లాడుకోవాలి. లోపలి ఏటిలోకి తీసుకెళ్ళే వీలుంటే పసుపు అలర్ట్ రోజే తీసుకెళ్ళడం ఇంకా మంచిది.

తాడు పొడవులోనే అందరూ తప్పు చేస్తారు. బిగించి కడితే గట్టిగా ఉంటుందనుకుంటారు. నీళ్ళు 2 మీటర్లు పెరిగితే బోటు 2 మీటర్లు లేస్తుంది. పొట్టి తాడు ఉంటే తెగుతుంది, తెగకపోతే బోటునే ఒక పక్కకి లాగి ముంచుతుంది. తాడు ఏటవాలుగా దూరం పోయి కట్టాలి, నిటారుగా కిందకి కాదు. ముందు రెండు, వెనక రెండు, మధ్యలోంచి ముందుకీ వెనక్కీ ఏటవాలుగా ఇంకో రెండు. ప్రతి చోటా పాతదానికి తోడుగా రెండో తాడు, అది మొదటిదానికన్నా కాస్త వదులుగా ఉండాలి, మొదటిది సాగాక పట్టుకోవడానికి.

నైలాన్ మోకు సాగుతుంది, కుదుపుని మింగుతుంది, దీనికి అదే మంచిది. ఎండలో వెలిసిన ప్లాస్టిక్ తాళ్ళు చూడ్డానికి లావుగానే ఉన్నా లోపల చచ్చి ఉంటాయి. మెలి విప్పి చూడండి, పొడి రాలితే పక్కన పడేయండి.

తాడు తెగేది నడిమధ్యలో కాదు, అంచుకి ఒరుసుకునే చోట. అక్కడ పాత రబ్బరు పైపు ముక్క తొడిగి గోనెగుడ్డ చుట్టండి. బోటు పక్కలకి టైర్లు, రెండు వైపులా, పైకీ కిందకీ.

లంగరు మీద నిలిపేవాళ్ళకి లెక్క: లోతు 4 మీటర్లు, ఉప్పెన 2, నీటి నుంచి బోటు ముందు కొస ఎత్తు 1, మొత్తం 7. మామూలు రోజుల్లో దీనికి 5 నుంచి 7 రెట్లు తాడు వదులుతాం. తుఫానుకి 10 రెట్లు, అంటే 70 మీటర్లు. అంత తాడుతో బోటు చుట్టూ తిరిగే జాగా లేకపోతే లంగరు మీద పెట్టొద్దు.

ఆఖరి చెక్‌లిస్టు:

- పై రేకులు, టార్పాలిన్లు, జెండాలు, యాంటెన్నా దింపారా
- గది తలుపులు, ఇంజన్ గది మూతలు బిగించారా
- నీళ్ళు తోడే పంపు, బ్యాటరీ పనిచేస్తున్నాయా
- బోటు నంబరు కనిపించేలా నాలుగు వైపులా ఫోటోలు తీశారా
- అందరూ దిగిపోయారా

చివరిది ముఖ్యం. "రాత్రంతా బోటులోనే ఉండి తాళ్ళు సరిచేస్తా" అనేవాళ్ళు ప్రతి హార్బర్‌లో ఉంటారు. ఆ గాలిలో లోపల మనిషి చేయగలిగిందేమీ లేదు.

8. వలలు, కాగితాలు

వలలు నీళ్ళు అందని ఎత్తులో పెట్టాలి. ఉప్పెన వలని ఎత్తుకుపోకపోయినా ముళ్ళతో, చెత్తతో చిక్కు చేసి పెడుతుంది, విడదీయడానికి వారాలు పడుతుంది. మేడ ఉన్న బంధువుల ఇల్లో, బడి పై అంతస్తో అడగండి.

ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, బోటు రిజిస్ట్రేషన్, వేట లైసెన్సు, బీమా కాగితం ఉంటే అదీ, రెండు ప్లాస్టిక్ కవర్లలో ఒకదాంట్లో ఒకటి వేసి కట్టి ఒంటి మీదే పెట్టుకోండి. ఫోటోలు తీసి వేరే ఊళ్ళో ఉన్న ఒకరికి పంపండి.

9. ఇల్లు

తాటాకు ఇల్లు, పెంకుటిల్లు, రేకుల ఇల్లు అయితే కాపాడుకోగలిగేది సామాను మాత్రమే, లోపల ఉండాలని ఆలోచించొద్దు. రేకుల మీంచి తాడు వేసి రెండు పక్కలా నేలలో పాతిన గుంజలకి కట్టండి, ఇసుక బస్తాలు అంచుల దగ్గర పెట్టండి. విడిగా రాళ్ళు పెట్టొద్దు, అవే ఎగిరి తగులుతాయి.

పక్కా ఇల్లు అయి, నీళ్ళు రాని చోట ఉంటే ఉండొచ్చు. కిటికీలన్నీ మూయండి. ఒత్తిడి సమానం అవ్వాలని ఒక కిటికీ తెరిచి ఉంచాలంటారు, అది తప్పు. గాలి లోపలికి దూరితే కప్పుని కింది నుంచి ఎత్తుతుంది.

- కొబ్బరికాయలు, ఎండు మట్టలు దింపించాలి
- మెయిన్ ఆపాలి, గ్యాస్ రెగ్యులేటర్ తీసేయాలి
- పశువుల కట్లు విప్పి మెరక మీదకి తోలాలి
- డ్రమ్ములు, బిందెలు మంచినీళ్ళతో నింపి మూతలు బిగించాలి
- మందులు, టార్చ్, పవర్ బ్యాంకు, అటుకులు, బిస్కెట్లు ఒక సంచిలో

10. ఎప్పుడు బయల్దేరాలి, గాలి ఆగితే ఏం చేయాలి

ముసలివాళ్ళు, గర్భిణులు, పసిపిల్లలు ఉన్న ఇళ్ళు గడువుకి ఆరు గంటల ముందే కదలాలి. మిగతావాళ్ళు గడువు లోపు. సచివాలయం వాళ్ళు వచ్చి పిలిచేదాకా ఆగక్కర్లేదు. ఇంటికి కాపలాగా మగవాళ్ళు ఉండిపోవడం, ఆడవాళ్ళని పిల్లల్ని మాత్రం పంపడం మన దగ్గర మామూలే. కానీ నీళ్ళొచ్చాక ఆ ఒక్కరి కోసం ఇంకో నలుగురు దిగాల్సి వస్తుంది.

షెల్టర్‌లో ఉండగా గాలి ఒక్కసారిగా ఆగి, వాన తగ్గి, ఆకాశం తెల్లబడితే బయటికి రావొద్దు. కేంద్రం మీ మీద ఉందని అర్థం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదుగా దాటినప్పుడు అంతా అయిపోయిందనుకుని బయటికి వచ్చినవాళ్ళు ఉన్నారు. కాసేపటికి గాలి వ్యతిరేక దిక్కు నుంచి అంతే బలంతో మొదలవుతుంది. అప్పటిదాకా ఒక వైపు వంగి వదులైన చెట్లు, గోడలు, తాళ్ళు ఆ రెండో దెబ్బకి పోతాయి. బోటు ఎలా ఉందో చూసొద్దామని పరిగెత్తేది సరిగ్గా ఈ టైములోనే. అధికారులు చెప్పేదాకా, లేదా గాలి దిక్కు మారి నెమ్మదిగా తగ్గేదాకా లోపలే ఉండండి.

సాయం కావాలంటే 112, రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూమ్ 1070. తెగిన కరెంటు తీగ గురించి 1912.

11. తుఫాను పోయాక మొదటి రెండు రోజులు

తెగిన తీగ నీళ్ళలో ఉందో లేదో తెలియనప్పుడు ఆ నీళ్ళలో కాలు పెట్టొద్దు. తిరిగి వచ్చిన ఇంట్లో పాములు ఎత్తైన చోట్లలో, వలల కుప్పల్లో ఉంటాయి, కర్రతో కదిపి చూడండి.

బావిలోకి ఉప్పు నీళ్ళు వచ్చి ఉంటే మరిగించినా లాభం లేదు. మరిగిస్తే క్రిములు పోతాయి, ఉప్పు పోదు. ఆ బావి తోడించి బ్లీచింగ్ వేసేదాకా ట్యాంకర్ నీళ్ళే తాగాలి.

ఇంజన్ మునిగిపోయి ఉంటే స్టార్ట్ చేసి చూడొద్దు. లోపల నీళ్ళుండగా తిప్పితే అసలు భాగాలే వంగిపోతాయి. మంచినీళ్ళతో బాగా కడిగి, ఆయిల్ తీసేసి, ప్లగ్గో ఇంజెక్టరో విప్పి చేత్తో తిప్పి నీళ్ళు బయటికి పంపి, వెంటనే మెకానిక్‌కి ఇవ్వండి. మెకానిక్ రెండు రోజులకి గానీ దొరకడంటే చిన్న ఇంజన్ని మంచినీళ్ళ డ్రమ్ములోనే ముంచి ఉంచండి. వినడానికి వింతగా ఉంటుంది కానీ ఉప్పు నీళ్ళు తగిలిన ఇనుముకి గాలి తగిలితేనే తుప్పు వేగంగా పడుతుంది.

నష్టం రాసుకునేవాళ్ళు వచ్చేలోపే, విరిగిన బోటుని, చిరిగిన వలని కదపకముందే ఫోటోలు తీయండి, బోటు నంబరు ఫోటోలో ఉండాలి. తుఫానుకి ముందు తీసిన ఫోటోలు ఇప్పుడు పనికొస్తాయి. సచివాలయంలో, మత్స్యశాఖ దగ్గర లిస్టులో మీ పేరుందో లేదో మీరే వెళ్ళి చూసుకోండి. బీమా ఉంటే కంపెనీకి అదే రోజు కబురు చేయండి.

12. మళ్ళీ వేటకి

ఎండ కాసింది కదా అని బయల్దేరొద్దు. నేల మీద తుఫాను బలహీనపడ్డాక కూడా సముద్రం ఒకటి రెండు రోజులు అలజడిగానే ఉంటుంది. బులెటిన్‌లో మత్స్యకారుల హెచ్చరిక ఎత్తేశారా అన్నదే చూడాలి.

మొగ దాటేటప్పుడు పాత దారి నమ్మొద్దు. వరద ఇసుక తెచ్చి పోస్తుంది, ఉప్పెన మెరకలు కోసేస్తుంది, నిన్నటిదాకా లోతున్న చోట ఇవాళ నడుము లోతు కూడా ఉండకపోవచ్చు. ముందు ఒక తేలికైన బోటు పోటు టైములో నెమ్మదిగా వెళ్ళి, కర్రతో లోతు చూస్తూ దారి గుర్తులు పెట్టాలి. పెద్ద బోట్లు ఆ తర్వాతే కదలాలి. కొట్టుకొచ్చిన దుంగలు, తెగిన వలలు, విరిగిన పలకలు నీళ్ళకి కాస్త కిందగా తేలుతూ ఉంటాయి, పంకాకి చుట్టుకుంటే మొగ మధ్యలోనే ఇంజన్ ఆగిపోతుంది. అందుకని ముందు కొస దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి.

మొదటి రోజు దగ్గరి నీళ్ళలోనే వేట పెట్టుకుని, పొద్దుండగానే, పోటు ఉండగానే మొగలోకి తిరిగొచ్చేలా బయల్దేరండి.